ఈకల ఎరయు వానపాము ఎరయు: మత్స్యశాఖ కమిషనరు గారికి బహిరంగ లేఖ

తిరుపతి

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనరు గారి సముఖమునకు,

ఆర్యా,

2020వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ఆరంభించిన ప్రధానమంత్రి మత్స్యసంపద యోజనలో, చేపపిల్లల కేంద్రములకును మంచు కర్మాగారములకును పడవలకును ఉద్దేశింపబడిన పెద్ద పద్దుల నడుమ, వినోదార్థమైన మత్స్యవేటను ప్రోత్సహించుట యను చిన్న పద్దు ఒకటి కలదు. తక్కినవాటితో పోల్చిన నది స్వల్పమే యైనను, మా తిరుపతి, చిత్తూరు జిల్లాల చెరువుగట్లకు అది చేరిననాడు దాని వెంట ఒక నియమావళియు చేరక తప్పదు. ఏ నీటిలో ఎవరు గాలము వేయవచ్చును, ఎట్టి సాధనముతో వేయవచ్చును, ఎంత రుసుము చెల్లింపవలెను, పట్టిన చేపను ఏమి చేయవలెను అను ప్రశ్నలకు అధికారులు కాగితముపై సమాధానములు వ్రాయవలసివచ్చును. ఆ కాగితము వ్రాయు చేతికి ముందుగానే ఒక మాట అందవలెనన్న ఆత్రముతో ఈ లేఖ వ్రాయుచున్నాను. గాలపు వేటలో ఒక పనిముట్టును పెద్దమనుషులదిగాను, మరియొక పనిముట్టును అలగాజనముదిగాను ఎంచు అలవాటు శతాబ్దములుగా పరదేశములందు పెరిగి, దొరల వెంట మన దేశమునకు వచ్చి, మనకు లోగడనే ఉన్న భేదబుద్ధితో జతపడి స్థిరపడినది. మనుషుల మనస్సులలో నున్న ఆ తారతమ్యము ప్రభుత్వపు నిబంధనగా మారరాదన్నదే నా విన్నపము.

ఈ తారతమ్యమంతయు ముఖ్యముగా ఫ్లై ఫిషింగ్ అనబడు వేట చుట్టును అల్లుకొనియున్నది. దానిని కన్నులార చూడనివారే పాఠకులలో అధికులు గనుక రెండు మాటలు చెప్పవలెను. మన చెరువుగట్టున వేయు గాలములో బరువు ఎరయందో, దారమునకు కట్టిన సీసపు గుండునందో ఉండును. ఆ బరువే దారమును నీటిలోనికి లాగికొనిపోవును. ఫ్లై ఫిషింగులో ఎరకు బరువన్నది దాదాపు లేదు. చిన్న కొక్కెమునకు కోడి మెడ ఈకలను, బాతు రెక్కపోచలను, కుందేటి బొచ్చును పట్టుదారముతో చుట్టి, నీటిమీద వ్రాలిన ఈగయో పురుగో యనిపించునట్లు కట్టెదరు. అంత తేలికయైన వస్తువు విసరిన పోదు గనుక, దారమునే దళసరిగా బరువుగా చేసి, పొడవైన సన్నని బెత్తముతో దానిని వెనుకకును ముందుకును గాలిలో ఆడించి, అది సాగిపోవు వేగముతోనే కొసనున్న ఈకల ఎర చేప ముందర సడి లేక వ్రాలునట్లు చేయుదురు. చేతికి అది అలవడుటకు కాలము పట్టును. వెనుక చెట్టుచేమలు లేని చోటు కావలెను. చేప ఆ పూట ఏ పురుగును తినుచున్నదో గట్టున నిలిచి కనిపెట్టు ఓపిక కావలెను. ఇందులో నున్న విద్య నిజమైన విద్యయే. దానిని తక్కువచేసి మాటలాడుట నా ఉద్దేశము కాదు. ఆ విద్యకు తోడుగా వచ్చిన గర్వమును గూర్చియే నా ఆవేదన.

ఆ గర్వము యొక్క పుట్టుపూర్వోత్తరములు గ్రంథస్థములై యున్నవి. గాలపు వేటను గూర్చి ఆంగ్లభాషలో అచ్చయిన తొలి గ్రంథము 1496లో వింకిన్ డి వర్డ్ అను ముద్రాపకుడు ప్రకటించిన ఒక పెద్ద సంపుటమున వెలువడినది. జూలియానా బర్నర్స్ అను సన్న్యాసిని దానికి కర్త్రి యని పరంపరగా చెప్పుకొందురు. దానిని విడిగా చిన్న పొత్తముగా అచ్చొత్తించినచో పనిపాటలు లేని జనులు కొని చదివి ఈ వేటను పాడుచేయుదురనియు, అందుచేతనే కులీనులు కొనదగిన పెద్ద సంపుటములో దానిని చేర్చితిమనియు ఆ గ్రంథము చివర విస్పష్టముగా చెప్పబడియున్నది. అనగా విద్యను అక్షరబద్ధము చేసిన పుటలలోనే, అది ఎవరికి చేరరాదో కూడ నిర్ణయించినారు. పిదప కాలమున ఆ దేశస్థులు సాల్మన్, ట్రౌట్ జాతులను క్రీడకు తగిన చేపలనియు, తక్కిన మంచినీటి చేపలను దాదాపుగా అన్నిటిని ముతక చేపలనియు విభజించిరి. చేపలకు పడిన ఆ పేర్లు వాటిని పట్టువారికిని అంటుకొన్నవి. టెస్ట్ నది తీరమున 1822లో ఏర్పడిన హౌటన్ క్లబ్బు కొలదిమంది సభ్యుల సొత్తుగా నదిని కాపాడుకొనెను. 1886లో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ నీటిపై తేలు ఈకల ఎరను గూర్చి గ్రంథము వ్రాసిన తరువాత, ఆయన అనుయాయులు తేలు ఎర తప్ప మరియొకటి మర్యాద కాదను స్థితికి పోయిరి. 1910లో స్క్యూస్ అను న్యాయవాది, మునిగియుండు చిన్న పురుగు రూపపు ఎరతో వేటాడుట కూడ ధర్మమేయని గ్రంథము వ్రాసినందుకు పుట్టిన వివాదము చల్లారక, 1938లో లండను నగరపు ఫ్లై ఫిషర్స్ క్లబ్బులో పెద్ద చర్చయే జరిగినది. ఇరువురును ఈకల ఎర వేయువారే, ఇరువురును ట్రౌట్ చేపనే పట్టువారే! ఎర రెండు అంగుళములు క్రిందికి దిగినందుకు మనుష్యుని మర్యాద దిగజారుననుకొన్న ఆ పెద్దలకు, వానపామును గ్రుచ్చిన గాలముతో కాలువగట్టున కూర్చున్న గనికార్మికుడు ఏ లెక్కలోనివాడై యుండునో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఈ వేట పుట్టుకకు కులీనులతో సంబంధమే లేదు. క్రీస్తుశకము 200 ప్రాంతమున ఏలియన్ అను రచయిత, మాసిడోనియా దేశపు నదీతీరవాసులు కొక్కెమునకు ఎర్రని ఉన్ని చుట్టి, కోడిపుంజు గొంతు క్రింద పెరుగు ఈకలను రెండింటిని దానికి అమర్చి, ఆరడుగుల కర్రతో ఆరడుగుల దారముతో చేపలు పట్టుచుండిరని వర్ణించెను. జపాను దేశపు కొండలోయలలో టెన్‌కారా యను పేర అదే వేట వృత్తిగా నిలిచియుండెను. అచ్చటి కొండప్రాంతపు జాలరులు రీలు లేని ఒంటి వెదురుకర్రకు దారమును, దాని కొసకు ఈకల కొక్కెమును కట్టి, సెలయేళ్లలో ఇవానా చేపలను పట్టి, పొట్టకూటికై సత్రముల వారికి అమ్ముకొనెడివారు. నేడు ధనికదేశములలో అదే టెన్‌కారా అందమైన పెట్టెలలో ఖరీదైన క్రీడాసామగ్రిగా అమ్ముడుపోవుచున్నది. వస్తువు మారలేదు, దానిని పట్టుకొన్న చేయి మారినది. చేయి మారగానే గౌరవమును మారినది.

మన దేశమునకు ఈ భేదము ప్రభుత్వపు ఖర్చుతోనే వచ్చినదన్న సంగతిని తమవంటి అధికారులు ప్రత్యేకముగా స్మరింపవలెను. నీలగిరులలో ట్రౌట్ చేపను పెంచుటకు 1863లోనే చేపల శాస్త్రజ్ఞుడైన ఫ్రాన్సిస్ డే యత్నించెను. అది ఫలింపలేదు. 1879లో ఆ కొండలలోని జంతువులను చేపలను వేటగాండ్ర నిమిత్తము రక్షించుటకై ప్రత్యేక శాసనమే చేసిరి. మద్రాసు ప్రభుత్వము 1907లో అవలాంచి వద్ద ట్రౌట్ పిల్లల కేంద్రమును నెలకొల్పినది. కాశ్మీరమునకు 1900లో స్కాట్లండు నుండి గుడ్లు ఓడలపై తెప్పించిరి. ఇచ్చట లేని చేపను, ఇచ్చటివారు తినని చేపను, కొలదిమంది సెలవుదినముల వినోదమునకై సముద్రములు దాటించి తెచ్చిన కాలముననే, ఇచ్చటి జాలరి వాడు సన్నకన్నుల వలను, మావును, బుట్టను గూర్చి దేశపు మత్స్యసంపదను నాశనము చేయుచున్నవని నివేదికలు వ్రాయబడినవి. 1873లో డే సమర్పించిన మంచినీటి చేపల నివేదికయు, అదే సంవత్సరమున మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగియైన హెన్రీ సల్లివన్ థామస్ ప్రకటించిన భారతదేశపు గాలపు వేట గ్రంథమును చదివినవారికి ఆ ధోరణి తెలియును. థామస్ కేవలము గర్విష్ఠి కాడు. అతడు 1887లో చెరువులలోని గాలపు వేటకై ప్రత్యేకముగా వేరొక గ్రంథము వ్రాసి, మహాసీర్ వంటి కొండనదుల చేపకే గౌరవమను భావమును కొంత సడలించి, మనవంటి మెట్టసీమల చెరువునీటికి కూడ ఒక స్థానమిచ్చెను. ఆ మేలును మరువరాదు. ఇక 1897 నాటి భారత మత్స్యచట్టములో సూటిగా నిషేధింపబడినవి రెండే: మందుగుండు, విషము. ఆ రెండును చేపకును నీటికిని చేయు హాని ప్రత్యక్షమైనది. సాధనమును దాని హానినిబట్టి తూచవలెనే గాని, దానిని పట్టినవాని దుస్తులనుబట్టి కాదను న్యాయము ఆ పాతచట్టమునందే కలదు. కొత్త నియమావళికి నేను కోరు పునాదియు అదియే.

దోషమంతయు దొరలదే యనుట సత్యము కాదు. కల్యాణి చాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమునందు మత్స్యవినోదమను ప్రకరణము కలదు. ఏ చేప ఎచ్చట తిరుగును, దేనిని తినును, దానికి ఎట్టి ఎర కట్టవలెను, గాలపు త్రాడు ఎట్లు పేనవలెను అను విషయములు అందు రాజవినోదములలో భాగముగా వర్ణింపబడినవి. జంతుశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా ఆ ప్రకరణమును పరిశీలించి వ్యాసము వ్రాసినాడు. రాజు గాలము పట్టిన వినోదము. బెస్తవాడు పట్టిన హీనవృత్తి. ఈ లెక్క మనదే. మా జిల్లాలోని నాగలాపురమున, కృష్ణదేవరాయలు తల్లి నాగమాంబ పేర వెలయించిన క్షేత్రమున, వేదనారాయణస్వామి మత్స్యావతారమూర్తియై నడుము క్రింద చేపరూపముతో దర్శనమిచ్చును. సూర్యపూజ దినములలో అస్తమయకిరణములు గర్భగుడిలోనికి ప్రసరించి స్వామి పాదములను, పిదప నాభిని, పిదప శిరస్సును తాకుట చూచుటకై జనులు తండోపతండములుగా వత్తురు. ఆ ఊరికి అనతిదూరముననే పిచ్చాటూరు వద్ద అరణియారు జలాశయము కలదు. ఆ నీటి ఒడ్డున బ్రతుకు చేపలవారిని మన ఊళ్లలో ఏ వరుసలో కూర్చుండబెట్టుచున్నామో తమరు ఎరుగుదురు.

ఆ వరుసలోను లోవరుసలు కలవు. పులికాటు సరస్సులో పడవలును పెద్ద వలలును కలిగినవారు ఒక మెట్టున ఉండగా, మోకాటిలోతు బురదలో నడుము వంచి రొయ్యను చేతితో తడిమి పట్టు యానాదులు అన్నిటికంటె అడుగు మెట్టున నున్నారు. శ్రీహరికోట అడవులలో తరతరములుగా ఉండిన యానాదుల బ్రతుకు, 1971లో తొలి రాకెట్టు ఎగిరిన నాటికే అచ్చటినుండి కదలిపోవుట మొదలైనది. వారిలో పెక్కురకు ఆ సరస్సును, ఊరి చెరువులును, కాలువలును తప్ప వేరు దిక్కు లేదు. చేతితో పట్టువానికంటె గాలమువాడు మేలు, వానికంటె వలవాడు, వానికంటె పడవవాడు. మరియొక ప్రక్క వానపాము గ్రుచ్చినవానికంటె రబ్బరు ఎరవాడు మేలు, వానికంటె ఈకల ఎరవాడు. ఈ రెండు నిచ్చెనలను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో ఒకటే సంగతి తేటపడును: మనిషి చేతికిని చేపకును మధ్య వస్తువులు పెరిగిన కొలదియు గౌరవము పెరుగుచున్నది, చేప అవసరము పెరిగిన కొలదియు గౌరవము తరుగుచున్నది. ఆ పూట కూరకై చేప కావలసినవాడు అధముడు, చేపను ముద్దాడి వదలిపెట్టగలిగినవాడు ఉత్తముడు. ఈ విద్యలోని నేర్పునకును ఈ లెక్కకును ఏ సంబంధమును లేదు. ఇది ఆకలికి వేసిన శిక్ష.

నేర్పు మాట వచ్చినది గనుక నేను చూచిన దొక్కటి చెప్పవలెను. 2021 నవంబరు వానలకు మా రాయలచెరువు కట్ట కుంగి ఊళ్లు ఖాళీచేయించిన సంగతి తమకు జ్ఞాపకముండును. ఆ ముప్పు గడచి, నీరు తేరుకొని, కలువాకు మరల పరచుకొన్న కాలమున, యానాది పెద్దాయన ఒకడు అచ్చట కొర్రమీనుకు కప్పగాలము వేయుట నేను దగ్గర నిలిచి చూచితిని. మొద్దు వెదురుకర్ర, ముతక నైలాన్ దారము, పెద్ద కొక్కెము, దానికి చిన్న కప్ప. సీసము లేదు, బెండు లేదు. ఆయన మొదట గాలము వేయనే లేదు. గొంతుకూర్చుండి నీటిని చూచుచుండెను. కొర్రమీను మొప్పలతో మాత్రమే బ్రతుకు చేప కాదు. నడుమనడుమ పైకి వచ్చి గాలి మింగి పోవును, ఆ మింగినచోట నీటిపై చిన్న వలయము పుట్టును. ఎన్ని నిమిషములకు ఎచ్చట పుట్టుచున్నదో కనిపెట్టి, లేచి, నీడ నీటిమీద పడకుండ ప్రక్కకు జరిగి, కర్రకొసతో కప్పను ఆకుల మధ్యనున్న సందులో తాకీతాకనట్లు తాకించి, లేపి, మరల రెండు జానల అవతల తాకించెను. ఆకు మీదినుండి ఆకు మీదికి కప్ప తనంత తాను గంతులు వేయుచున్నట్లే తోచినది. ఒకచోట నీరు భళ్లున విచ్చుకొనెను. ఆయన కర్ర లాగలేదు. చేప కప్పను లోనికి తీసికొను దాక దారమును వదులుగా విడిచి, ఆ పిమ్మట ఒక్క గుంజు గుంజెను.

మరికొంత దూరమున నీటిపై ఎర్రని చిన్న మచ్చ కదలుచుండుట నేనే ఆయనకు చూపితిని. అది కొర్రమీను పిల్లల గుంపు. ఆ జాతి పిల్లలు చిన్నతనమున ఎర్రగా నుండి గుంపు కట్టి తిరుగును, తల్లిదండ్రులు రెండును క్రింద కావలియుండును, ఆ కోపములో ఏ ఎర చూపినను మీదపడును. అంతకంటె సులభమైన వేట లేదు. పెద్దాయన అటు పోలేదు. "దాని కింద తల్లి ఉండాది సామీ. ఇప్పుడు దాన్ని తీసేస్తే పిల్లోల్లను జెల్లలు తినేస్తాయి" అని, కర్ర భుజమున వేసికొని గట్టు దిగిపోయెను. నీటిని చదువుట, చేప నడతను ఎరుగుట, ఎరను ప్రాణమున్నదానివలె ఆడించుట, సమయమునకై ఓర్చుట, పట్టదగనిచోట పట్టకుండుట: టెస్ట్ నదీతీరమున శ్రేష్ఠవిద్య యనిపించుకొన్న గుణములలో మా రాయలచెరువు గట్టున లేనిది ఏది? నేడు పట్టణపు దుకాణములలో కొర్రమీను కొరకు రబ్బరు కప్పలు అమ్మబడుచున్నవి. వాటిని విసరువారి నేర్పును క్రీడ యని ఎంచుచున్నారు. ఆ క్రీడకు మూలరూపమైన కప్పగాలమును ఏ పేరున పిలుచుచున్నామో ఇప్పుడు చెప్పెదను.

మా జిల్లాలోనే వేరొక చెరువు. పేరు వ్రాయను, గుత్తదారుని పేరును వ్రాయను. ఒక ఆదివారము ఉదయమున బెంగుళూరు కారులో వచ్చిన యువకులు ముగ్గురు అచ్చట రీలు బెత్తములతో వేటాడుచుండిరి. వారిలో ఒకడు ఈకల ఎరను చక్కగా విసరుచుండెను. కావలివాడు వారికి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసెను. తూముకు ఆవలిప్రక్క యానాది పిల్లలిద్దరు జీలుగు బెండు కట్టిన పుల్లగాలములతో కూర్చుండి, పాలకవరులో గుప్పెడు పరిగలను పట్టుకొనియుండగా, అదే కావలివాడు పోయి ఆ పుల్లలను మోకాటిమీద విరిచి, కవరును చెరువులో బోర్లించెను. నేను పోయి అడిగితిని. "వాళ్లది ఆట సార్, వీళ్లది దొంగతనం" అనెను. వాడు దుర్మార్గుడు కాడు. తన్ను జీతమునకు పెట్టినవాడు నేర్పినదానినే పలికెను. గుత్తదారునకు హక్కు లేదనుట లేదు. చెరువులోని చేపలపై హక్కును పంచాయతీయో, తమ శాఖయో సహకారసంఘములకును గుత్తలకును ఇచ్చుచున్నది. పిల్లలను వదలి పెంచిన బొచ్చె, రాగండి వారివే. అయితే కారులో వచ్చినవారు పట్టినదియు ఆ చెరువు చేపయే. ఒకే నీరు, ఒకే చేప, ఒకే ఉదయము; ఒకరికి కుర్చీ, ఒకరికి విరిగిన పుల్ల. ఆ యువకులు కూడ ఈ గొడవ చూచి సిగ్గుపడి, తమ సంచిలోని దారపుచుట్ట నొకదానిని పిల్లలకు ఇచ్చి పోయిరని చెప్పకపోవుట అన్యాయము.

నిజమునకు ఈకల వేటవారిని గూర్చి మన గట్లమీద వినవచ్చు ఎగతాళియు నాకు సమ్మతము కాదు. దొరల సోకనియు, చేప తినని వానికి చేపతో పనియేమనియు పెదవి విరచుటయు ఒక విధమైన గర్వమే. నదులను కాపాడుటకు మొదట గొంతెత్తినవారిలో వారు పెక్కురు కలరు. పట్టిన చేపను ప్రాణముతో వదలిపెట్టుట వేటగాని ధర్మమని అమెరికాలో లీ వుల్ఫ్ 1939లోనే బోధించెను. కావేరీనదిలో కర్ణాటకపు గాలపు శిబిరములు నడచిన కాలమున, లోగడ మందుగుండుతో చేపలను చంపినవారే కొందరు మార్గదర్శులుగా కుదిరి నదికి కావలి కాచిరి. అచ్చటి మూపుర మహాసీర్‌కు 2018లో గాని శాస్త్రీయనామము నిర్ధారితము కాలేదు, ఆ సంవత్సరముననే అంతరించు ప్రమాదము అత్యధికముగానున్న జాతుల జాబితాలోనికి చేరినది. అట్టి చేపను వదలిపెట్టవలసినదే. అయినను వదలుటయే అన్నిచోట్ల ఉత్తమధర్మమనుకొనుటయు పొరపాటు. స్విట్జర్లాండు దేశము 2008 నాటి జంతుసంరక్షణ నిబంధనలలో, వదలివేయు ఉద్దేశముతోనే చేపను గాలమున పట్టుటను నిషేధించినది. ప్రాణిని బాధించుటకు ఆహారము కారణము కాగలదు గాని వినోదమొక్కటే కారణము కాజాలదని వారి వాదము. కావేరీ శిబిరముల పద్ధతిలో ఉత్తముడైనవాడు ఆ దేశములో నేరస్థుడు. రాగిసంగటిలోనికి పరిగల పులుసు కావలెనని పుల్లగాలము వేసిన యానాది పిల్లవాడు అచ్చట నిర్దోషి. ఏ పద్ధతి సరియైనదో తేల్చుట ఈ లేఖ పని కాదు. చేపను తినువానికంటె వదలువాడు జన్మతః గొప్పవాడన్న నమ్మకము మీద మాత్రము నిబంధన కట్టరాదని చెప్పుటకే దీనిని ఎత్తికొంటిని.

మా సీమలో ట్రౌట్ ఉండు చల్లని ఏరు లేదు. స్వర్ణముఖి సంవత్సరములో ఎక్కువకాలము ఇసుకయే. బాహుదా, పింఛా అంతే. ఈశాన్య ఋతుపవనములు కరుణించిననాడు చెరువులు నిండును, ఎండకాలమునకు మడుగులగును. కనుక ఇచ్చట వినోదమత్స్యవేట యన్న చెరువులోని పరిగ, జెల్ల, జిలేబి, కొర్రమీనులతోనే. ఈకల ఎరకు పరిగయు జిలేబియు ఎగబడి వచ్చును. అది ఖరీదైన విద్యగా ఉండవలసిన పనియు లేదు. నాటుకోడి పుంజు లేని పల్లె మా జిల్లాలో లేదు. కొక్కెమునకు ఈక కట్టుట పదేండ్ల పిల్లవానికి నేర్పవచ్చును, వెదురు మన అడవులలోనే కలదు, టెన్‌కారా వారికి రీలు అక్కరలేకపోయినట్లే మనకును అక్కరలేదు. తమ శాఖ ఒక ఆదివాసీ ఆశ్రమపాఠశాలలో ఈ పని నేర్పించి చూచినచో, దొరలదనిపించు ఈ వేట ఎంత త్వరగా ఎల్లరిదగునో తెలియగలదు. అట్లే కప్పగాలము తెలిసిన యానాది పెద్దలను మార్గదర్శులుగా నియమించి, వినోదమునకు వచ్చువారి నుండి వారికి నేరుగా కూలి ఇప్పించినచో, నేర్పు ఎవరిదో వచ్చినవారికే తెలిసివచ్చును.

నియమావళి మాటకు వత్తును. వినోదపు వేటగాని నుండి రుసుము తీసికొనుడు. దానికి నాకు అభ్యంతరము లేదు, హిమాచలప్రదేశమువంటి చోట్ల అట్టి లైసెన్సులు నడచుచునేయున్నవి. కాని ఆ రుసుము నెపమున, ఇంటి కూరకై చేతిగాలము వేయు స్థానికుని గట్టునుండి తరుమరాదు. అతడు ఒకటి రెండు పుల్లగాలములతో, అమ్మకమునకు కాక, పరిగ జెల్ల వంటి చెరువులో తమంత తాము పుట్టు చిన్నచేపలను పట్టుకొనుట గుత్త ఒడంబడికలోనే అనుమతింపబడవలెను. గుత్తదారుడు వదలి పెంచిన బొచ్చె, రాగండులకు వేరు నియమముండవచ్చును. పిల్లల గుంపుతో తిరుగు కొర్రమీనును ఎవరును, ఏ సాధనముతోను పట్టరాదని వ్రాయుడు. ఆ నిషేధము కారులో వచ్చినవానికిని కాలినడకన వచ్చినవానికిని సమానముగా వర్తింపవలెను. సాధనములను పేర్కొనునపుడు ఈకల ఎర, రబ్బరు ఎర, వానపాము, పిండిముద్ద, కప్పగాలము అను వాటిని ఒకే వాక్యములో, ఒకే వరుసలో ఉంచుడు. వెలివేయవలసినవి మందుగుండు, విషము, విద్యుత్తీగ. గట్టున కావలివాడు ఎవని పనిముట్టునైనను విరువరాదనియు, తప్పు చేసినవానికి రసీదు వ్రాసియిచ్చి సహాయసంచాలకుని కార్యాలయమునకు పంపవలెననియు స్పష్టముగా నుండవలెను. ఆ నియమములను తెలుగులో, పెద్ద అక్షరములతో, తూము ప్రక్కన బోర్డుపై వ్రాయించుడు. చదువురానివారికి గ్రామసచివాలయపు మత్స్యసహాయకుడు చదివి వినిపింపవలెను.

ఈ పని తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లలోని గదులలో మాత్రమే జరుగరాదు. రాబోవు అక్టోబరు వానలకు మునుపే, రాయలచెరువు గట్టునో, పిచ్చాటూరు జలాశయము వద్దనో, సహకారసంఘముల వారిని, గుత్తదారులను, చెన్నై బెంగుళూరుల నుండి వచ్చు గాలపు వినోదగాండ్రను, యానాది కాలనీల పెద్దలను ఒక్కచోటికి పిలిచి, మొదటి మాట ఆ పెద్దలచేత పలికింపవలసినదిగా ప్రార్థించుచున్నాను. దినము నిర్ణయించి తెలియజేసినచో కాలనీలకు కబురు చేర్చు భారము నేను వహింతును.

ఇట్లు,
భవదీయుడు,
తిరుపతి పౌరుడొకడు